కొండ మీద వారబందీ

మీరు దర్శనానికి వెళ్ళినా వెళ్ళకపోయినా ఏటేటా డబ్బు కట్టి తీరాలనే దేవుడు ఒకడుంటే, ఆయన్ని మీరు కొలుస్తారా?

కొలవరు. నాకు తెలిసిన దేవుళ్ళందరూ ఈ విషయంలో పెద్దమనుషులు. మొక్కు ఈ ఏడు కుదర్లేదు, వచ్చే ఏడు తీరుస్తానంటే సరేనంటారు. ఆలస్యానికి వడ్డీ వేయరు. భోజనం వేళ ఫోన్ చేయరు. ఆ దేవుళ్ళు లేరని వయసంతా వేదికలెక్కి వాదించినవాణ్ణి నేను. నరసరావుపేటలో తాయెత్తులు కట్టేవాళ్ళతో, వాస్తు కోసం గుమ్మాలు పీకించేవాళ్ళతో, మంచిరోజు లేదని ఆపరేషన్ వాయిదా వేసుకునేవాళ్ళతో గొంతు బొంగురుపోయేలా తగువు పడ్డాను. అలాంటి నేను ఒక కొండ మీద ఒక వారం కొన్నాను.

మీరు సరిగ్గానే చదివారు. ఇల్లు కాదు, స్థలం కాదు, వారం. పడమటి కొండల్లో ఒక రిసార్టు ఉంది. దాంట్లో ఒక గది ఏటా ఒక వారం నాది, పాతికేళ్ళ పాటు. ముందు ఒక పెద్ద మొత్తం కట్టాలి, ఆపైన ఏటా నిర్వహణ రుసుం కట్టాలి. వెళ్ళినా కట్టాలి, వెళ్ళకపోయినా కట్టాలి. దీన్ని టైమ్‌షేర్ అంటారు.

ఎలా కొన్నానంటారా? గుంటూరులో ఒక హోటల్లో ఉచిత భోజనం, భార్యతో రావాలి అని ఫోనొచ్చింది. బహుమతి గెలిచానట. వీళ్ళ బండారం బయటపెట్టాలనే వెళ్ళాను. భోజనానికి కూడా వెళ్ళాను, అబద్ధమెందుకు. టై కట్టుకున్న కుర్రాడొకడు మా ఎదురుగా కూర్చున్నాడు. నేను ప్రశ్నలు మొదలుపెట్టాను. ధరలు పెరిగితే ఏమిటి? మీ కంపెనీ మూతపడితే ఏమిటి? నాకు వెళ్ళాలనిపించకపోతే ఏమిటి? వాడు ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. "సార్, ఇంత లాజికల్‌గా ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు సార్" అన్నాడు. వాదనలో ఎదురుతిరిగే పురోహితుణ్ణి నేను చూశాను, శాపనార్థాలు పెట్టే బాబాని చూశాను, చెప్పు తీసినవాణ్ణీ చూశాను. ఒప్పుకునేవాణ్ణి ఎప్పుడూ చూడలేదు. ఒప్పుకునేవాడి ముందు ఏం చేయాలో నాకెవరూ నేర్పలేదు.

వాళ్ళ దగ్గర వారాలకు రంగులుంటాయి. ఎండాకాలం సెలవుల్లో వచ్చేవి ఎర్ర వారాలు, అవి ఖరీదు. వానాకాలంలో వచ్చేవి నీలం వారాలు, అవి చవక. ఎర్రవి ఎందుకు ఖరీదో నేనే వాడికి వివరించాను. జనం గుంపుగా పోతారు, గుంపు మనస్తత్వానికి మనం డబ్బు తగలేయనక్కర్లేదు, నీలం వారమే తెలివైన కొనుగోలు అన్నాను. వాడు రాసుకున్నాడు. నా మాటలు ఆ తరవాత ఎంతమందికి అమ్మాడో తెలియదు.

నా భార్య అప్పటిదాకా ఐస్‌క్రీం తింటోంది. ఆమె సర్కారు బడిలో లెక్కల టీచరు. "వానాకాలం అంటే బళ్ళు తెరిచి ఉంటయ్ గదా?" అని ఒక్కమాట అడిగింది.

"సెలవు పెట్టొచ్చు మేడమ్" అన్నాడు కుర్రాడు.

"నువ్వు ఏ ఊళ్ళో చదువుకున్నవ్ బాబూ?" అని మళ్ళీ ఐస్‌క్రీం మీద పడింది. నేను సంతకం పెట్టాను.

ఈ వార్త చెప్పడానికి ఆ ఆదివారం రెంటచింతల వెళ్ళాం. అది నా భార్య పుట్టిల్లు. వాళ్ళు క్యాథలిక్కులు, నేను ఏదీ కాని వాణ్ణి, మా పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో అయింది. ఒకరినొకరు 'నువ్వు' అనే పిలుచుకోవాలని ఆరోజే ఒప్పందం చేసుకున్నాం. మా అత్త ఆ పెళ్ళికి వచ్చి, ఏడ్చి, భోంచేసి, నా ఆత్మ కోసం ప్రార్థన మొదలుపెట్టింది. ఇంకా చేస్తూనే ఉంది. ఆమెకూ నాకూ బాగా పడుతుంది.

మేము వెళ్ళేసరికి ఎండకు ఇంటి ముందు బండలు కాలుతున్నాయి. అత్త తడి తువ్వాలు నెత్తిన వేసుకుని మంచం మీద కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది. గదిలో బల్ల మీద వేళాంగణి మాత బొమ్మ, దాని పక్కన ఆమె బి.పి. మాత్రలు ఉన్నాయి. నేను రిసార్టు గురించి చెప్పాను.

"అక్కడ సముద్రం ఉండిద్దా అల్లుడూ?" అని అడిగింది.

"సముద్రం ఉండదత్తా, కొండ. పెద్ద కొండ."

"కొండా?" అంది. "రాళ్ళు చూడటానికి అంత దూరం ఎందుకయ్యా? ఇక్కడ ఎటు చూసినా అయ్యేగా." మళ్ళీ మోకాలికి నూనె రాస్తూ, "నేను సముద్రం చూళ్ళేదు. వేళాంగణిలో గుడి దాటంగానే సముద్రమంట. ఈ కాళ్ళు నడిచేటప్పుడే ఒకసారి పోయి రావాల. ఇయ్యి ఎన్నాళ్ళు నడుస్తయ్యో ఏమో" అంది.

నేను విన్నాను. విని, కొండ మీద ఉష్ణోగ్రత ఎంత తక్కువో చెప్పడంలో పడ్డాను.

మా బావమరిదికి ఊరి బయట కుడి కాలువ చివర మిరప తోట ఉంది. వాడు నా మాటంతా విని, "ఓ, వారబందీ" అన్నాడు.

మా వైపు రైతుకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. కాలువ నీళ్ళు అందరికీ ఒకేసారి చాలవు. అందుకని ఈ వారం వీళ్ళకు, వచ్చే వారం వాళ్ళకు అని వంతులు వేస్తారు. నీ వారం వచ్చినప్పుడు నువ్వు తోటకు పెట్టుకోవాలి, లేకపోతే నీళ్ళు నీ కళ్ళముందే కిందికి పోతాయి. ఆ వంతుల పద్ధతే వారబందీ.

"ఇది సెలవురా. నీళ్ళు కాదు" అన్నాను.

"అదే బావా. వారానికొకరు. వాడుకోకపోతే పోయిద్ది. డబ్బులు మాత్రం కట్టాల. ఇంకేంది తేడా?"

తేడా ఏమిటో ఆరోజు చాలాసేపు చెప్పాను. ఇప్పుడు ఆ వాదన నాకే గుర్తులేదు.

మొదటి ఏడు వెళ్ళాం. గదికి నలుగురే అని నిబంధన. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, అంతే. అత్తను కూడా తీసుకెళ్తే అదనంగా కట్టాలి, మంచం అదనం, పొద్దుటి ఫలహారం అదనం. ఇక్కడ నేను కొంచెం ఆగి నవ్వుకోవాలి. చిన్న కుటుంబం గురించి ఊరూరా ఉపన్యాసాలిచ్చింది నేనే. నా మాట దేశంలో ఎవరైనా అక్షరాలా పాటించారంటే అది ఆ రిసార్టు వాళ్ళు. వాళ్ళ లెక్కలో అత్త కుటుంబం కిందికి రాదు.

వారమంతా వాన. కొండ ఉందన్న సంగతి కంపెనీ మాట మీదే నమ్మాల్సి వచ్చింది. గదిలో చిన్న వంటిల్లు ఉంది. ఆ కుర్రాడు గుంటూరులో దీని గురించే పొంగిపోయి చెప్పాడు, "మీరే వండుకోవచ్చు సార్, ఇంట్లో ఉన్నట్టే" అని. కింద రెస్టారెంటులో ధరల కార్డు చూశాక మేము ఇంట్లో ఉన్నట్టే ఉండటానికి నిశ్చయించుకున్నాం. అంటే నా భార్య వండింది. నరసరావుపేట నుంచి మోసుకొచ్చిన బియ్యం, కందిపప్పు, గోంగూర పచ్చడి, కుక్కరు. నేను కిటికీ దగ్గర కూర్చుని ప్రకృతి గురించి పిల్లలకు చెప్పాను. పిల్లలు వై-ఫై గురించి నన్నడిగారు.

"బాగుందా?" అన్నాను మూడో రోజో నాలుగో రోజో.

ఆమె పప్పు ఎనుపుతూ కిటికీలోంచి చూసింది. "మబ్బు కనపడతంది. మన వంటింట్లోంచి పక్కింటోళ్ళ బాత్రూమ్ గోడ కనపడిద్ది. బాగానే ఉంది."

రెండో ఏడు బళ్ళ తనిఖీలతో ఆమెకు సెలవు దొరకలేదు. రుసుం కట్టాను. అత్త మళ్ళీ అడిగిందట, వేళాంగణి సంగతి. ఈ ఏడు డబ్బు కొండకు పోయింది, వచ్చే ఏడు చూద్దాం అన్నాను. వచ్చే ఏడు అత్త కర్ర పట్టుకుంది.

ఆ మూడో ఏడు జరిగింది చెబితే మీరు నమ్మరు. కానీ నమ్మకానికి నేను వ్యతిరేకిని కాబట్టి పర్వాలేదు. మా బావమరిది ఫోన్ చేసి, "బావా, ఈ ఏడు కొండకు పోతన్నరా?" అన్నాడు. లేదన్నాను. "అయితే మనోళ్ళు పోతారు, చెప్పు" అన్నాడు. అతిథులను పంపుకోవచ్చని నిబంధన ఉంది. ఎలాగూ వృథా పోయేదే కదా అని బుక్ చేశాను. మా వైపు 'మనోళ్ళు' అంటే అన్నదమ్ముల దగ్గర్నుంచి ఒకే బస్సెక్కినవాళ్ళ దాకా ఎవరైనా కావచ్చు, కాబట్టి ఎవరని అడగలేదు.

వారం మధ్యలో రిసార్టు మేనేజరు ఫోన్. "సార్, మీ అతిథులు గదిలో మాంసం వండుతున్నారు. పొగకు అలారం మోగింది. నలుగురి గదిలో ఎనిమిదిమంది ఉన్నారు. అడిగితే ఇది మా వంతు అంటున్నారు సార్. వంతు అంటే ఏమిటి సార్?"

బావమరిదికి చేశాను. ఆ ఏడు వానంతా కొండ మీదే కురిసింది, మా వైపు చినుకు లేదు. మిరప నారు కొత్తగా నాటారు, వాడి వంతు రావడానికి ఇంకా చాలా రోజులుంది, మొక్కలు వాలిపోతున్నాయి. ఎగువన పొలం ఉన్న ఆసామి వంతు అప్పుడే వచ్చింది. వీడు పోయి ఆయనతో ఒప్పందం చేసుకున్నాడు: నీ కాలువ వారం నాకియ్యి, మా బావ కొండ వారం నీకిస్తా.

"వారానికి వారం బావా" అన్నాడు. "ఎవరికీ నష్టం లేదు."

"ఒరేయ్, అది నా సభ్యత్వంరా! పాతికేళ్ళ ఒప్పందం!"

"తోట బతికింది బావా" అన్నాడు.

ఏం చెప్పను? కొండ మీది నా వారంతో ఇప్పటిదాకా ఎవరైనా నిజంగా బాగుపడ్డారంటే ఆ మిరప మొక్కలే. కంపెనీ నాకు జరిమానా వేసింది. జరిమానా కట్టి, ఆపైన ఆ ఏటి రుసుం కట్టాను. ఎగువ పొలం ఆసామి మాత్రం నేను రెంటచింతల వెళ్ళినప్పుడల్లా ఎదురొచ్చి, "కొండ చానా బాగుందయ్యా, మళ్ళీ మీ వంతు ఎప్పుడు?" అని అడుగుతాడు.

ఇక పోయినేడు. మా అత్తకు నరసరావుపేటలో డాక్టరు రెండు మోకాళ్ళూ మార్చాలన్నాడు. ఆమె సరేనంది, కానీ ముందు వేళాంగణి పోయి రావాలంది. "ఆపరేషనైనాక నడుస్తానో లేదో. సొంత కాళ్ళ మీద పోయి నిలబడాల. చక్రాల కుర్చీలో పోయి సముద్రం చూసేదాన్ని కాదు."

సరిగ్గా అదే వారం కంపెనీ నుంచి రుసుం కట్టమని సందేశం. పిల్లల కాలేజీ ఫీజులు పోను మా దగ్గర ఒక్కదానికే ఉంది. కొండకు కట్టాలి, లేదా అత్తను తీసుకెళ్ళాలి.

నేను వెంటనే సిద్ధాంతం తీశాను. "భక్తి యాత్రలకు నేను డబ్బివ్వను. మా అమ్మ కాశీ అంటేనే ఇవ్వలేదు. మీ అమ్మ వేళాంగణి అంటే ఇస్తానా? ఏ మతమైనా ఒకటే నాకు." నా నిష్పాక్షికత నాకే ముచ్చటేసింది.

అత్త మా ఇంట్లోనే ఉంది అప్పుడు, పరీక్షల కోసం వచ్చి. మంచం మీంచి వింటోంది. నేను ఆమెవైపు తిరిగి, "అత్తా, నీకు సముద్రమేగా కావాల్సింది? సూర్యలంక ఇక్కడే ఉంది. కారు మాట్లాడతా. పొద్దున్నే పోయి సాయంత్రానికి వచ్చేద్దాం" అన్నాను. తర్కపరంగా ఇందులో లోపం లేదు. ఇప్పటికీ లేదు.

అత్త నావైపు జాలిగా చూసింది. "పొద్దున పోయి సాయంత్రం వచ్చేదాన్ని ఊరు పోవటం అంటారా అయ్యా? తెల్లారుజామున లేచి అందరికీ వండి, డబ్బాలకెత్తి, పోయి, వచ్చి, మళ్ళీ రాత్రికి పొయ్యి ఎలిగించాల. దానికి సముద్రం దాకా ఎందుకు? మా ఇంట్లో రోజూ అదే."

నేను ఊరుకునే రకం కాదు కాబట్టి, "మరి దేవుడి పేరు ఎందుకు మధ్యలో?" అన్నాను.

జవాబు నా భార్య చెప్పింది. బల్ల మీద పరీక్ష పేపర్లు దిద్దుతోంది, తల ఎత్తలేదు.

"మా నాయన బతికున్నప్పుడు మా అమ్మ 'నాకు విసుగ్గా ఉంది, నాలుగు రోజులు ఎటన్నా పోతా' అంటే ఏమనేవాడో తెలుసా? ఏందే, పిచ్చిపట్టిందా అనేవాడు. మొక్కుంది అంటే నోరు మూసుకునేవాడు. అది సెలవు చీటీ. నువ్వు బడికి జొరమని రాయలా? అట్టాగే. జొరం ఉందా లేదా అని ఇన్నేళ్ళనుంచి వాదిస్తన్నవు నువ్వు. పిల్ల సెలవు ఎందుకడిగిందో అడగవేంది?"

"ఏమే, అల్లుణ్ణి అట్టా అంటారా?" అంది అత్త, బాగా సంతోషంగా.

"ఆ కొండ మీద ఏడు రోజులు ఎవరికి సెలవు?" అంది నా భార్య, ఈసారి తలెత్తి. "నీకు. పిల్లలకు. కుక్కరుకు కూడా లేదు."

నేను చాలా వేదికల మీద చాలామందిని చూశాను. ఇలా కొట్టినవాళ్ళు లేరు. మహిళల శ్రమ గురించి నేను రాసిన వ్యాసాలు ఆ ఇంట్లోనే అటక మీద ఉన్నాయి. వాటిని అచ్చువేసిన కాగితం మీద అప్పుడప్పుడు పకోడీలు పోసుకుంటాం. నేను ఓడిపోయానని ఆమె అంటుంది. నేను ప్రతిపాదన సవరించుకున్నానని నేనంటాను. ఏమైతేనేం, ఆ డబ్బుతో తెనాలిలో రైలెక్కి, చెన్నైలో మారి, వేళాంగణి వెళ్ళాం. అత్త, నా భార్య, నేను. కుక్కరు రాలేదు.

అక్కడ నేను చేయని పనులు రెండు: మోకరిల్లలేదు, ప్రార్థించలేదు. గుడిలో జనం తోపులాటలో అత్త తన కొవ్వొత్తి నా చేతికిచ్చి, "ఆరిపోకుండా పట్టుకో, నేను లోపలికి పోయొస్తా" అంది. పట్టుకున్నాను. పక్కనున్న ఒకాయన నా భక్తికి మెచ్చి అరవంలో ఏదో అన్నాడు. నేను కొవ్వొత్తి స్టాండును మాత్రమేనని చెబుదామంటే నాకు అరవం రాదు.

మధ్యాహ్నం ఒక మెస్సులో ఆకు ముందు కూర్చున్నాం. అత్త కూర్చుంది. ఈ మాట మళ్ళీ రాస్తాను, ఎందుకంటే ఇన్నేళ్ళలో నేను చూడని దృశ్యం అది. అందరికంటే ముందు అత్త కూర్చుంది, ఎవరో వచ్చి వడ్డించారు. ఆమె రెండుసార్లు లేవబోయింది, నా భార్య భుజం పట్టి కూర్చోబెట్టింది. సాంబారు కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఎట్టుందత్తా?"

"ఉప్పు లేదు, కారం లేదు, పులుపు లేదు" అంది. ఇంకో ముద్ద కలిపింది. "ఎంత బాగుందో."

మారు వడ్డించుకుంది. ఆ తరవాత చేయి కడుక్కుని, కర్ర నాకిచ్చి, ఇసుకలోకి నడిచింది. నెమ్మదిగా, అక్కడక్కడా ఆగుతూ, తన కాళ్ళతోనే. నీళ్ళు పాదాలను తాకగానే చిన్నపిల్లలా గట్టిగా అరిచింది. చీర తడిసింది. వెనక్కి రమ్మంటే రాలేదు.

అప్పుడే ఫోను మోగింది. రిసార్టు వాళ్ళు. రుసుం గడువు దాటిందట, కట్టకపోతే సభ్యత్వం ఆగిపోతుందట, ఇప్పటిదాకా కట్టిందంతా వృథా అవుతుందట. ఆ చివరి మాటే నన్ను ఇన్నేళ్ళు పట్టి ఉంచింది. పోయిన డబ్బు పోకుండా ఉండటానికి ఇంకా డబ్బు పోయడం. ఏ బాబా ఆశ్రమంలోనైనా ఇదే చూసి ఉంటే పేజీలకు పేజీలు రాసేవాణ్ణి.

"ఆపేయండి" అన్నాను.

"సార్, ఒకసారి లాజికల్‌గా ఆలోచించండి సార్."

ఆలోచించే చెప్పాను. ఆపేశారు. ఆ తరవాత రెండు నోటీసులొచ్చాయి, మూడోది కూడా రావచ్చు, పోయిన మొత్తం తిరిగి రాదు. అత్తకు మోకాళ్ళ ఆపరేషన్ అయింది. ఒకటి బాగా కుదిరింది, రెండోది ఇంకా సతాయిస్తోంది. సముద్రం ఎలా ఉంటుందని ఇరుగుపొరుగు అడిగితే ఆమె సముద్రం గురించి ఒక్కమాటా చెప్పదు. నాలుగు రోజులు గిన్నె తోమలేదని చెబుతుంది. విన్న ఆడవాళ్ళంతా వేళాంగణికి రైలు ఎక్కడ ఎక్కాలని అడుగుతున్నారు. నా ఉపన్యాసం విని ఎవరూ ఇంత త్వరగా కదిలింది లేదు.

కాబట్టి ఈ కాగితం కింద పెట్టండి. మీ పేరున ఏ కొండ మీదో వారం ఉంటే ఈ ఏటి రుసుం కట్టకముందే లేవండి. వంటింట్లోకి నడవండి. అక్కడున్న మనిషిని, నీకు ఎక్కడికి వెళ్ళాలనుంది అని అడగండి. "మీ ఇష్టం" అంటుంది. అది జవాబు కాదు, మళ్ళీ అడగండి. ఊరి పేరు చెప్పేదాకా బయటికి రాకండి. చెప్పగానే టికెట్లు కొనండి, ఆ ఊళ్ళో దేవుడున్నా సరే.